మెట్టుగూడ ఇంట్లో రెండు ప్రార్థనలు

తమ్ముడి కూతురి పెళ్లికి చీరలు కొనాలి. జనరల్ బజార్‌లో అయితే చవక అని మా ఇంట్లో ఎప్పటినుంచో ఒక నమ్మకం. రైలు ఛార్జీలు కలిపితే చవకేనా అని ఎవరూ లెక్క వేయలేదు. ఏమైతేనేం, మంగళవారం తెల్లవారక ముందే సికింద్రాబాద్‌లో దిగి, మెట్టుగూడలో ఉన్న నా చిన్ననాటి స్నేహితురాలి ఇంటికి ఆటో ఎక్కాను.

అయిదు దాటింది. తలుపు తీసిన మనిషి చెవుల్లో ఇయర్‌ఫోన్, తలమీద చున్నీ. నోరు తెరవలేదు. చేత్తో సోఫా చూపించి, మళ్లీ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది. పదేళ్ల తర్వాత వస్తే ఇదేం మర్యాద అనుకున్నాను. కాసేపటికి తనే గొంతు విప్పింది, "అవును ప్రభువా, స్తోత్రం తండ్రీ" అంటూ. అప్పుడు అర్థమైంది, అది ఫోన్లో జరుగుతున్న ప్రార్థన అని. రోజూ అయిదింటికి ఇరవైమంది దాకా ఆడవాళ్లు ఒకే కాల్‌లో కలుస్తారట. ఒకరు వాక్యం చదువుతారు, ఒకరు పాడతారు, మిగతావాళ్లు వంతులవారీగా ప్రార్థన చేస్తారు. కువైట్‌లో ఇంటిపని చేసే ఒకామె కూడా ఉంది. మనకు అయిదైతే ఆమెకు రాత్రి రెండున్నర. "మ్యూట్‌లో పెట్టుకోండమ్మా, ఎవరిదో కుక్కర్ కూత పెడుతోంది" అని నాయకురాలు చెప్పే మాట కూడా ప్రార్థనలో భాగమేనని వారం గడిచేసరికి నాకు అలవాటైపోయింది.

పక్క గదిలో ఇంకో గొంతు, మెల్లగా. స్నేహితురాలి అత్తగారు. మంచం అంచున కూర్చుని జపమాల తిప్పుతున్నారు. ఆ ఇంట్లో విశేషం ఇదే. కోడలు ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబం నుంచి వచ్చింది, అంటే ప్రొటెస్టెంటు. అత్తగారు ఫిరంగిపురం కతోలికులు. ముప్ఫై ఏళ్లుగా ఒకే వంటగది, రెండు ప్రార్థనలు.

అత్తగారి ప్రార్థనకు గడియారం ఉంది. పొద్దున ఆరింటికి, పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి త్రికాల జపం. జపమాల ఒక చుట్టుకు అయిదు పదులు, అంటే ఒకే జపం పదేసిసార్లు చొప్పున అయిదు విడతలు, దాదాపు ఇరవై నిమిషాలు. రోజును బట్టి ధ్యానించే ఘట్టాలు మారతాయి. ఆ రోజు మంగళవారం కాబట్టి దుఃఖ రహస్యాలు, అంటే గెత్సేమనే తోటలో యేసు వేదన నుంచి సిలువ దాకా. గురువారానికి వెలుగు రహస్యాలు ఉన్నాయి, వాటిని 2002లో పోపు రెండవ జాన్ పాల్ చేర్చారు. "చిన్నప్పుడు నేర్చినవి పుస్తకం లేకుండా వస్తాయమ్మా. ఆ గురువారానివి మాత్రం ఇప్పటికీ చూసి చెప్పాల్సిందే" అన్నారావిడ. ఒక్కో పది ఒక్కొక్కరి పేరున చేస్తారు. ఆ రోజు మూడో పది నాకట. రాత్రంతా రైల్లో నేను గురక పెట్టి నిద్రపోయానని ఆవిడకు తెలియదు.

టిఫిన్ దగ్గర పరువు పోయింది. ఇడ్లీ తుంచి చట్నీలో ముంచాక గానీ మిగతావాళ్లు చేతులు జోడించి కూర్చున్నారని గమనించలేదు. తుంచిన ముక్క చేతిలోనే ఉంది, ఇటు నోట్లో పెట్టుకోలేను, అటు ప్లేట్లో పెట్టలేను. స్నేహితురాలు భోజనం కోసం రెండు మాటలు, ఆ తర్వాత నా కోసం చాలా మాటలు చెప్పింది. క్షేమంగా తెచ్చినందుకు కృతజ్ఞతలు, వెన్నునొప్పి తగ్గించమని, పెళ్లి ఖర్చు భారం కాకుండా చూడమని. వెన్నునొప్పి సంగతి రెండు నెలల క్రితం ఫోన్లో యథాలాపంగా అన్న మాట. నేనే మర్చిపోయాను.

వాళ్లాయన రైల్వే ఉద్యోగి. బండి స్టార్ట్ చేసే ముందు హ్యాండిల్ మీద చేతులు పెట్టి ఒక్క క్షణం తల వంచుతాడు. ఏమని ప్రార్థిస్తారన్నయ్యా అని అడిగితే, "తార్నాక ట్రాఫిక్ సంగతి ఆయనకి తెలుసు కదమ్మా, ప్రభువా అంటే చాలు" అన్నాడు.

మధ్యాహ్నం అత్తగారు నన్ను మెట్టుగూడ అంతోనివారి గుడికి తీసుకెళ్లారు. కతోలికులకు మంగళవారం పదువా పురపు అంతోనివారనే పునీతుడి రోజు. పోగొట్టుకున్న వస్తువులు దొరకడానికి ఆయన్ని అడుగుతారు. కొవ్వొత్తి వెలిగించి, స్వరూపం పాదాలు తాకి కళ్లకద్దుకుని నిలబడ్డవాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లు తక్కువేం లేరు. పక్కన నిలబడ్డ ఆవిడ, పోయిన పట్టాదారు పాసుపుస్తకం దొరకాలని పైకే చెప్పుకుంటోంది. అత్తగారు మోకరిల్లి లేవడానికి నా భుజం పట్టుకున్నారు. ఏం అడిగారంటే, "ఏమీ పోలేదు, ఊరికే పలకరించా" అన్నారు.

బుధ, గురువారాలు చీరలకే సరిపోయాయి. చీరల గురించి రాస్తే వేరే వ్యాసం అవుతుంది, పైగా అందులో నేను మోసపోయిన సంగతి చెప్పాల్సి వస్తుంది. మధ్యలో కాళ్లు నొప్పి పుట్టి సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్ చర్చిలో ఓ అరగంట కూర్చున్నాం. 1850లో పూర్తయిన గుడి, 2008లో వాటికన్ దీనికి బసిలికా అనే ప్రత్యేక గౌరవ హోదా ఇచ్చింది. బయట హారన్లు, లోపల ఎత్తైన కప్పు కింద అక్కడక్కడా పదిమంది. ఒక కుర్రాడు ఆఫీసు బ్యాడ్జీ మెడలో ఉండగానే మోకాళ్లమీద ఉన్నాడు. అయిదు నిమిషాల్లో లేచి, సిలువ గుర్తు వేసుకుని, ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయాడు.

శుక్రవారం పక్క వీధిలో ఉపవాస ప్రార్థన. మా శనివారం ఉపవాసంలో పళ్లు, పాలు, ఉప్మా అన్నీ ఉంటాయి కాబట్టి నేనూ ఉంటానన్నాను. తీరా చూస్తే ఇక్కడ మంచినీళ్లు తప్ప ఏమీ లేవు. చాపల మీద పదిహేనుమంది ఆడవాళ్లు, అందరికీ తలమీద కొంగు. ముందు విన్నపాలు చెప్పారు. ఒకామె కొడుకు వీసా. ఒకామెకు అద్దె పెంచిన ఇంటి ఓనరు. ఒకామె భర్త తాగుడు, ఎన్నింటికి వస్తాడో, ఏ కొట్టు దగ్గర ఆగుతాడో సహా. డాక్టరుకు కూడా ఇంత వివరంగా చెప్పరేమో. ఆ తర్వాత అందరూ ఒకేసారి గట్టిగా మొదలుపెట్టారు. ఎవరి మాట ఎవరిదో తెలియదు, కొందరు ఏడుస్తున్నారు. నిజం చెప్పాలంటే మొదట నాకు భయం వేసింది, లేచి వెళ్లిపోదామనుకున్నాను. ఇంతలో ఆ హోరులోంచి పక్కామె మాట ఒక్కటి స్పష్టంగా వినపడింది. తన కొడుకు గురించి కాదు, ఆ తాగుడు భర్త పేరు పెట్టి అడుగుతోంది. నేను కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చాక అత్తగారు కోడల్ని ఆటపట్టించారు. "గదిలోకి వెళ్లి తలుపేసుకుని ప్రార్థించమని ప్రభువే చెప్పాడు. మీరేమో మైకు లేకుండానే మల్కాజ్‌గిరి దాకా వినిపిస్తారు." కోడలు ఊరుకుంటుందా? "మీరు ఒకటే మాట యాభైసార్లు చెబుతారు, ఆయనకి వినపడలేదనా?" ఈ వాదన ముప్ఫై ఏళ్లనాటిదట, ఇద్దరికీ అదొక కాలక్షేపం.

ఆదివారం స్నేహితురాలి ఆడపడుచు వచ్చి నన్ను గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోనుకు తీసుకెళ్లింది. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో ఇంజనీరింగ్ చదువుతూ క్రైస్తవుడై, తర్వాత హైదరాబాదునే కేంద్రం చేసుకుని 2000లో ఇక్కడే కన్నుమూసిన భక్త్ సింగ్ మొదలుపెట్టిన సంఘం అది. చెప్పులు బయటే. కింద చాపలు, ఎక్కువమంది తెల్లబట్టల్లో. ఆరాధన సమయంలో ఎవరికి తోచితే వాళ్లు లేచి ప్రార్థిస్తారు. లుంగీ కట్టిన ఒక ముసలాయన లేచి చాలాసేపు కృతజ్ఞతలే చెప్పాడు, ఒక్కటీ అడగలేదు. మధ్యాహ్నం దాటాక అందరికీ బంతి భోజనం పెట్టారు. నా మోకాళ్లు అప్పటికే మొర పెడుతున్నాయి.

ఆ రాత్రి ఇంట్లో కుటుంబ ప్రార్థన. చివర అందరూ కలిసి యేసు శిష్యులకు నేర్పిన పరలోక ప్రార్థన చెప్పారు. రోజూ వింటున్నా, ఆ రోజే చెవిన పడింది. "నీ నామము పరిశుద్ధపరచబడుగాక" అంటోంది కోడలు. "మీ నామము పూజింపబడును గాక" అంటున్నారు అత్తగారు. ఒకరు దేవుణ్ని అమ్మను పిలిచినట్టు నువ్వంటున్నారు, ఇంకొకరు నాన్నను పిలిచినట్టు మీరంటున్నారు. "మా అనుదినాహారము" అని కోడలంటే, "నానాటికి కావలసిన మా అన్నము" అని అత్తగారు. రెండూ ఒక అడుగు ముందూ వెనకా నడిచి, ఆమెన్ దగ్గర కలిశాయి. వాళ్లాయన మాత్రం ఓ మాట ఇటు, ఓ మాట అటు కలిపి చెబుతున్నాడు. అమ్మ నేర్పిందీ పోలేదు, భార్య నేర్పిందీ పోలేదు. నాకైతే 'అన్నము' అన్న మాటే నచ్చింది. ఆహారం అంటే డాక్టరు చీటీలో మాటలా ఉంటుంది.

సోమవారం రాత్రి స్టేషన్‌లో స్నేహితురాలు చీరల సంచి మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టింది. బండి కదిలింది. కిటికీ పక్కన నడుస్తూ మిగతాది గబగబా ముగించింది.

మర్నాడు పొద్దున్నే అత్తగారి ఫోన్.

"చేరావామ్మా?"

"చేరానండీ, ఇప్పుడే కాఫీ తాగుతున్నా."

"అయితే సరే. మూడో పదిలోంచి నీ పేరు తీసేస్తున్నా. పక్కింటి కుర్రాడికి ఎల్లుండి నుంచి పరీక్షలు, వాడికి చోటు కావాలి."