మూలమట్టం లేని రోజుల్లో తాడు

మా సైటులో పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ ఒక మూల నుంచి ఇటు 3 అడుగులు, అటు 4 అడుగులు కొలుస్తాడు. గుర్తుల మధ్య టేపు పట్టి 5 వస్తే, "మూల కుదిరింది సార్" అంటాడు. ఈ లెక్క ఆపస్తంబ శుల్బసూత్రంలోనే ఉంది; యజ్ఞవేదికలను తాడుతో కొలిచి వేసే పద్ధతులు చెప్పే పాత గ్రంథం అది. ప్రవర చెప్పేటప్పుడు "ఆపస్తంబ సూత్రః" అనేవాళ్లు మనలో ఎంతోమంది. ఆ పేరు వెనకాల ఇంత కొలతల విద్య ఉందని చిన్నప్పుడు మాకెవరూ చెప్పలేదు, అదే నా బాధ.

సోమయాగానికి వేసే మహావేది, అంటే పెద్ద యజ్ఞవేదిక చూడండి. పొడవు 36 అంగలు, పడమటి భుజం 30, తూర్పుది 24. తూర్పు పడమరలుగా 36 అంగల ఎడంలో రెండు మేకులు కొట్టి, 54 అంగల తాడు కొసలు వాటికి కట్టాలి. పడమటి కొస నుంచి 12 దగ్గర, 15 దగ్గర గుర్తులు పెట్టాలి. 15 గుర్తు పట్టుకుని దక్షిణానికి బిగించి లాగితే ఇటు 15, అటు 39. అంటే 5, 12, 13కు మూడింతలు. పడమటి మేకు దగ్గర కచ్చితమైన లంబకోణం! 15 గుర్తు దగ్గరో మేకు, అలాగే ఉత్తరానికి లాగి ఇంకోటి. తర్వాత కొసలు మార్చి కట్టి, మళ్లీ 15 పట్టి లాగి, 12 దగ్గర మేకులు కొడితే తూర్పు భుజం సిద్ధం.

నాకు అన్నిటికంటే నచ్చింది వైశాల్యం తేల్చిన తీరు. ఒక పక్క త్రిభుజాన్ని కోసి, తిప్పి రెండో పక్కన అతికిస్తే దీర్ఘచతురస్రం అవుతుంది: 27 ఇంటూ 36. "వెయ్యికి 28 తక్కువ" అన్నాడు ఆపస్తంబుడు. 972, సరిగ్గా అంతే.