మూడో డ్రమ్ముకు రంగు కుదిర్చిన నా అనుభవం

కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండే ఒక కుటుంబం ఊరు వదిలి వెళ్తూ రెండు పాత డ్రమ్ములు నాకు అమ్మింది. ఒకటి కాలితో మోగించే 22 అంగుళాల బాస్ డ్రమ్, రెండోది కర్రలతో వాయించే 13 అంగుళాల చిన్న డ్రమ్, టామ్. రెండింటి మీదా డబ్ల్యూ.ఎఫ్.ఎల్. బ్యాడ్జి ఉంది. అమెరికాలో డ్రమ్ములు తయారుచేసే విలియం ఎఫ్. లుడ్విగ్ సొంత ఇంటిపేరు వాడుకునే హక్కు కోల్పోయి, 1930ల చివరి నుంచి 1955 దాకా ఈ పొడి అక్షరాలతోనే డ్రమ్ములు అమ్మాడు. కాబట్టి వాటి వయసు తేల్చడం కష్టం కాలేదు.

నన్ను కట్టిపడేసింది వాటి రంగు. నడుమ బంగారు పట్టీ, పైనా కిందా నలుపు. రెండూ కలిసే చోట గీత ఉండదు, నలుపు పొగలా సన్నబడుతూ బంగారంలో కలిసిపోతుంది. దీన్ని డ్యూకో అంటారు. 1920లలో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తెచ్చిన, త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ లాకర్, అంటే మెరుపు పూత, ఇది. ముత్యపు మెరుపు ప్లాస్టిక్ షీటు చుట్టిన డ్రమ్ములకన్నా ఇవి చవక. గీతలు కూడా సులువుగా పడతాయి. అందుకే బాగున్నవి ఇప్పుడు అరుదు.

జతకు కాళ్ల మీద నేలపై నిలబడే 16 అంగుళాల పెద్ద టామ్, ఫ్లోర్ టామ్ కావాలి. రెండేళ్లు వెతికాక సికింద్రాబాద్‌లో ఒకటి ఉందని తెలిసింది. రంగు కంపెనీదే, ఎవరూ ముట్టుకోలేదని అమ్మే మనిషి గట్టిగా చెప్పాడు. అతన్ని అడిగి ఒక లగ్గు, అంటే డ్రమ్ము పక్కన బిగింపు స్క్రూలు పట్టుకునే లోహపు ముక్క, విప్పాను. చుట్టూ మొద్దుగా నల్ల రంగు, లగ్గు కింద మాత్రం కొత్త ఇత్తడి చెంబులా మెరిసే బంగారం. లగ్గులు విప్పకుండానే ఎవరో పైన నల్ల రంగు కొట్టేశారు. థిన్నరులో ముంచిన దూదిని అంచున అద్దాను. పై నలుపు చలించలేదు, లోపలి పాత లాకర్ మాత్రం మెత్తబడి దూదికి అంటుకుంది. అంటే నలుపును కరిగించి అసలు రంగును కాపాడుకునే దారి లేదు. షెల్లు, అంటే డ్రమ్ము గుండ్రటి ఒళ్లు, నిఖార్సుగా ఉంది కాబట్టి ధర తగ్గించి తీసుకున్నాను.

ఇంటికి తెచ్చాక అసలు చిక్కు మొదలైంది. లగ్గు కింది బంగారాన్ని చూసి కలపాలా, పాత రెండింటి మీదున్న బంగారాన్ని చూసి కలపాలా? బంగారు రంగులో ఉండేది రాగి, జింకు కలిసిన పొడి. ఏళ్లు గడిచేకొద్దీ రాగి నల్లబడుతుంది, పైన లాకర్ పసుపెక్కుతుంది. నా రెండు డ్రమ్ములు పాత తేనె రంగుకు వచ్చాయి. వాటిని ముట్టుకోకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. మూడోదే వాటి వయసుకు రావాలి.

హనుమకొండలో కార్లకు రంగు వేసేవాళ్లు మెరిసే కొత్త బంగారమే చూపించారు. నిర్మల్ బొమ్మలకూ బొమ్మపలకలకూ డ్యూకో వాడతారని గుర్తొచ్చింది. కరీంనగర్, జగిత్యాల మీదుగా బస్సులు మారి అక్కడికి వెళ్లాను, 13 అంగుళాల టామ్ ఒళ్లో పెట్టుకుని.

అక్కడొక పెద్దాయన పొనికి కర్రతో చేసిన జింకకు చుక్కలు పెడుతున్నారు. టామ్ చూసి, "ఇది ఎండకు పోయిన రంగు కాదు బిడ్డా, గాలికి మాగిన రంగు" అన్నారు. "అలాగే కావాలి పెద్దయ్యా" అన్నాను. పొనికి ముక్కల మీద పదకొండు రంగులు కలిపి చూశారు. ట్యూబులైటు కింద అచ్చంగా కలిసిన ఏడోది వాకిట్లో ఎండకు పెడితే పచ్చగా తేలిపోయింది. రెండు వెలుగుల్లోనూ నిలిచింది పదకొండోది. బంగారు పొడిలో చిటికెడు గోధుమరంగు, పై లాకరులో రెండు చుక్కల ఎరుపు.

ఫ్లోర్ టామ్ తీసుకుని మళ్లీ వెళ్లేసరికి వానలు పట్టాయి. తేమలో లాకర్ పాలు పోసినట్టు తెల్లబడుతుందని ఆయన ముట్టుకోలేదు. దసరా దాటాక పాత నలుపు గీకేసి, మొత్తం బంగారం వేసి, స్ప్రే గన్ను దూరంగా పట్టుకుని పైఅంచునా కిందఅంచునా నలుపు చల్లారు. ఆ పొగ దిగే చోట మూడుసార్లు గీకి మళ్లీ వేశారు.

లగ్గులు బిగించే ముందు షెల్లు లోపల పెన్సిలుతో రాశాను: ఈ రంగు కంపెనీది కాదు, నిర్మల్‌లో మళ్లీ వేయించినది. కింద తేదీ వేశాను.