నీళ్లు లేని కొలనులో ఓడ

"నీ దాంట్లో ఒక్కడే పాడతాడు నాన్నా. మిగతావాళ్లు వాడి మొహం చూస్తూ నిలబడతారు. మా దాంట్లో అందరం పాడతాం" అంది మా అమ్మాయి, వాళ్లు వేసే ఇంగ్లీషు నాటకం ఉండగా రాయబారం పద్యం నేర్చుకోనని తేల్చేస్తూ. దానికి పదకొండేళ్లు.

ఉగాదికి మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్ల ముందు దానిచేత కృష్ణుడి పద్యం పాడించాలని నా పంతం. తెనాలి దగ్గర మా తాతయ్య కృష్ణుడు కడితే ఒక్కో పద్యానికి మూడేసి వన్స్‌మోర్లు పడేవట. అట అనే అంటున్నాను, నేను చూసిందేమీ లేదు. ఇంట్లో తెలుగే మాట్లాడండని బెంగళూరులో ఉన్న చుట్టాలందరికీ సలహాలిచ్చేవాణ్ణి. ఆ రోజు మాత్రం కూతుర్ని కోప్పడింది ఇంగ్లీషులోనే.

మా అమ్మాయీ దాని జట్టూ వేసేది 'హెచ్‌ఎంఎస్ పినఫోర్' అనే హాస్య సంగీత నాటకం. గిల్బర్ట్ మాటలకి సలివన్ సంగీతం. 1878లో లండన్‌లో మొదలై 571 ఆటలు ఆడింది. కథంతా ఓడ మీదే. కెప్టెన్ కూతురు మామూలు నావికుణ్ణి ప్రేమిస్తుంది. నౌకాదళం పెద్ద సర్ జోసెఫ్ ఆమెను పెళ్లాడాలని వస్తాడు. సముద్రం మొహం చూడకుండా, బల్ల వదలకుండా పైకొచ్చానని ఆయనే గొప్పగా పాడుకుంటాడు. అది విని మా ఆవిడ నావైపు చూసింది. నేను పదహారేళ్లుగా మేనేజర్ని.

2024 వేసవి అది. ఈత కొలనుల్లో తాగే నీళ్లు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి ప్రకటించింది. మా కొలను ఎండిపోయింది, హాలు ఎవరిదో పుట్టినరోజుకి ఇచ్చేశారు. దాంతో ఓడ కొలనులోకి దిగింది. మేమంతా గట్టు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాం. లోతు తక్కువ వైపు కెప్టెను, లోతు వైపు నావికులు. ఎవరి అంతస్తేమిటో నేల వాలే చెప్పేసింది. టైల్స్‌కి మాట మీద మాట మోగుతుంటే ఇళ్లలో దుప్పట్లన్నీ తెచ్చి గోడలకి వేలాడదీశారు. తాతయ్య హార్మోనియం కిందకి పరిచిన జంపఖానా కూడా ఇచ్చాను. ఇవ్వనని రెండు రోజులు బిగుసుకున్నాకే అనుకోండి.

మా అమ్మాయి బటర్‌కప్. పసివాళ్లుగా పెంచేటప్పుడు కెప్టెన్నీ ఆ నావికుణ్ణీ కలిపేశాను, ఒకరి స్థానంలో ఒకరు మారిపోయారు అని చివర్లో ఒప్పుకునే ఆవిడ. మార్చిన పిల్లల కథలు మన సినిమాల్లో చూసినవే కదా అని గొణిగాను. ఎవరూ వినలేదు. కెప్టెన్ వాలు దిగి నావికుల్లోకి వెళ్లిపోయాడు, నావికుడు పైకొచ్చాడు. అంతా కలిసి పాడుతుంటే గట్టు మీద నేనూ కాలు ఊపుతున్నానని తర్వాత మా ఆవిడ చెప్పింది.

దానికి పద్యం ఎందుకు రావాలనుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. తాతయ్య కోసమే అయితే నేనే నేర్చుకుని ఉండాల్సింది. నలభై అయిదేళ్లొచ్చాయి, ఎవరు వద్దన్నారు?

అందరూ వెళ్లాక జంపఖానా తీసుకోవడానికి కొలనులోకి దిగాను. ఎవరూ లేరు కదా అని గొంతెత్తాను. టైల్స్ మీద నా గొంతు నాకే బ్రహ్మాండంగా వినిపించింది. రెండు పాదాలు బాగానే వచ్చాయి. మూడోది ఎంతకీ గుర్తు రాలేదు. రాగం మాత్రం లాగుతూనే ఉన్నాను.

"ఏనాయ్తు సార్?" ఏమైందని కన్నడంలో అడుగుతూ వాచ్‌మన్ టార్చి వేశాడు.

ఏనిల్ల, ఏమీ లేదని చెప్పి, జంపఖానా భుజాన వేసుకుని నిచ్చెనెక్కి పైకొచ్చాను.