మెష్ సన్నం చేస్తే తప్పు పెరిగింది

నిన్న రాత్రి రెండు గంటలు కోడ్‌లో లేని బగ్ కోసం వెతికాను.

కంప్యూటర్‌తో సుమారు జవాబు కడుతున్న అవకలన సమీకరణం చిన్నదే. తెలియని ఫంక్షన్ రెండో అవకలజాన్ని మైనస్ ఎప్సిలాన్ (ఒక చిన్న సంఖ్య)తో గుణించి, దానికి మొదటి అవకలజం కలిపితే 1 రావాలి, 0 దగ్గరా 1 దగ్గరా విలువ సున్నా. ఎప్సిలాన్ 0.001 పెట్టాను. జవాబు చివరిదాకా తిన్నగా ఎక్కుతూ పోయి, 1కి ఆనుకుని ఉన్న సన్నటి పట్టీలో ఒక్కసారిగా సున్నాకి పడిపోతుంది. ఆ పట్టీయే బౌండరీ లేయర్.

0 నుంచి 1 దాకా 64 సమాన భాగాలు చేసి (ఈ విభజనే మెష్), అవకలజాన్ని రెండు పక్కల పాయింట్ల విలువలతో లెక్కగట్టే సెంట్రల్ డిఫరెన్స్ వేస్తే, చివరి లోపలి పాయింట్‌లో 0.98 రావాల్సింది 1.76 వచ్చింది, దాని పక్కన 0.97కి బదులు 0.37. రంపం పళ్లే. భాగం వెడల్పు ఎప్సిలాన్‌కి రెండింతలు దాటితే ఇంతే. నయం, తప్పని చూడగానే తెలిసిపోతుంది.

మొదటి అవకలజానికి ఎడమ పక్క పాయింటునే వాడే అప్‌విండ్ పద్ధతికి మారాను. గీత నున్నగా వచ్చింది, పాయింట్ల దగ్గర గరిష్ఠ తప్పు 0.06. ఇంకాస్త తగ్గిద్దామని 128 భాగాలు చేస్తే 0.11, 256కి 0.18, 512కి 0.20! టెన్షన్ అక్కడ మొదలైంది. ఇండెక్స్‌లు, గుర్తులు, సరిహద్దు విలువలు అన్నీ తిరగేశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అసలు సంగతేంటంటే, 64 భాగాలప్పుడు లేయర్ లోపల ఒక్క పాయింటూ లేదు, కాబట్టి అక్కడి తప్పుని చూసేవాళ్లే లేరు. మెష్ సన్నబడి పాయింట్లు లోపలికి దిగాకే అప్‌విండ్ ఎంత అలికేసిందో బయటపడింది. ఈ పద్ధతి ఎప్సిలాన్‌కి భాగం వెడల్పులో సగం గుట్టుగా కలిపేస్తుంది మరి, 64 భాగాలకి మన 0.001 కాస్తా దాదాపు 0.009 అయి కూర్చుంటుంది. 1024కి గానీ తప్పు 0.13కి దిగలేదు.

చివరికి లేయర్ దగ్గర భాగాలని దట్టంగా పెట్టే షిష్కిన్ మెష్ వేశాను. ఎప్సిలాన్‌ని భాగాల సంఖ్య సహజ లాగరిథంతో గుణించి రెట్టింపు చేస్తే 64కి 0.0083 వస్తుంది, 1కి ఆనుకున్న ఆ కాస్త జాగాలో సగం భాగాలు, మిగతా సగం బయట. లేయర్ ఏ చివర ఉందో ముందే తెలిసుండాలి, అదొక్కటే చిక్కు. అదే అప్‌విండ్‌తో తప్పు 0.04. పెద్ద గొప్పేం కాదు, కానీ 1024కి 0.005కి దిగింది.

ఊరుకోక ఎప్సిలాన్‌ని పది లక్షల్లో ఒకటి చేసి మళ్లీ 64 భాగాలతో నడిపాను. అదే 0.04. సమాన మెష్‌తో అయితే లేయర్‌లో కాలు పెట్టడానికే లక్షల్లో భాగాలు కావాలి.