తల కొలిచి కులం చెబుతారట

మా బావగారికి అన్నీ తనకే తెలుసని ధీమా. ఇవాళ మళ్ళీ మొదలుపెట్టారు.

మా అమ్మాయి ప్రాక్టికల్ రికార్డు కోసం కాలిపర్, అదే రెండు కొసల మధ్య దూరం కొలిచే పరికరం, అడిగి తెచ్చుకుంది. ఎస్వీ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీలో, అంటే మనుషుల గురించి చదివే శాస్త్రంలో, చేరినప్పటి నుంచి ఇంట్లో ఎవరు కనిపించినా దానికి కొలతలే. ఒక కొస కనుబొమల నడుమ ఆనించి, రెండో కొసని తల వెనక పైకీ కిందికీ జరుపుతూ ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ ఆపుతుంది. అది పొడవు. చెవుల పైన అటూ ఇటూ పెడితే వెడల్పు. వెడల్పు పొడవులో నూటికి 75 లోపు ఉంటే పొడుగు తల, 80 దాటితే గుండ్రటి తల. నాది గుండ్రటిది, మా ఆయనది పొడుగుది. పిల్ల ఎంత సంబరపడిందో!

అంతలో బావగారు, "తల చూసి కులం చెప్పేయొచ్చమ్మా, బ్రిటిషోళ్ళు ఎప్పుడో తేల్చేశారు" అన్నారు. "అది తప్పు పెదనాన్నా" అంటే, "నిన్నగాక మొన్న కాలేజీకి పోయి నాకే చెప్తావా" అని కసిరారు. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తితే ఒట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది.

బావగారు చెప్పేది రిస్లీ సంగతి. 1901 జనాభా లెక్కల కమిషనర్. ముక్కులు కొలిచి, ముక్కు వెడల్పయ్యే కొద్దీ కులం కిందికి పోతుందని రాసిన మనిషి. ఇంత పాడుపని చేసిన పరికరాన్ని పిల్లలకు ఇంకా నేర్పించడం ఎందుకు, మ్యూజియంలో పెట్టేస్తే పోదా అనిపించింది.

అప్పుడు చిత్తూరులో మా అవ్వ గుర్తొచ్చింది. తమ్ముడు పుట్టినప్పుడు కాళ్ళు చాపుకుని వాణ్ణి మీద పడుకోబెట్టుకుని, ఆముదం రాసి, వేడినీళ్ళు పోస్తూ అరచేత్తో తలని గుండ్రంగా ఒత్తేది. వాడికి ఆవాల దిండు. ఒకే పక్కకు పడుకుంటే తల సొట్టపోతుందని ఊరికే తిప్పుతూ ఉండేది. అమ్మ ఒక్కసారి మరిచిపోతే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. పసిబిడ్డని ఎలా పడుకోబెట్టామన్న దాంతోనే తల ఆకారం మారుతుంటే, దాన్ని పట్టుకుని కులం చెప్పడమేమిటి?

కాదు, కాలిపర్ని తిట్టి లాభం లేదు. అమెరికాకు వలస వెళ్ళినవాళ్ళ పిల్లల తలలు తల్లిదండ్రుల తలలకు తేడాగా ఉన్నాయని 1912లో ఫ్రాంజ్ బోయాస్ అనే ఆంత్రోపాలజిస్టు చూపించింది ఇలా తలలు కొలిచే కదా. మనుషుల జన్యు తేడాల్లో దాదాపు 85 శాతం ఏ ఒక్క జనసమూహంలో చూసినా ఆ సమూహం లోపలే ఉంటాయని 1972లో లెవాంటిన్ అనే జన్యు శాస్త్రవేత్త లెక్కగట్టాడు. లెక్క తీసేవాళ్ళు ఉండబట్టే కదా అది తెలిసింది. పిల్ల నేర్చుకోవాల్సిందే, బాగా నేర్చుకోవాలి.

రికార్డులో ఇంకో గడి గీయమని దానికి చెప్పాలి: ఎవరిని పసితనంలో ఎలా పడుకోబెట్టారు అని. మా ఆయన సంగతి అత్తమ్మని అడిగితే చెబుతుంది.