మూడో ఇరవైలో సగం

కోపెన్‌హాగెన్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వచ్చే వేసవిలో వెళ్లవలసి ఉన్నందున, కొన్ని నెలలుగా విజయవాడలో మా ఇంటి వరండాలో కూర్చుని డేనిష్ భాష నేర్చుకుంటున్నాను. ఇరవై వరకు అంకెలు సాఫీగానే వచ్చాయి. ముప్ఫై, నలభై కూడా పదుల లెక్కతో పుట్టిన మాటలే కనుక అక్కడా ఇబ్బంది లేదు. యాభై దగ్గరే దారి మారింది.

డేనిష్‌లో యాభైని హాల్‌ట్రెస్ అంటారు. ఇది "సగం మూడోది, ఇరవై సార్లు" అనే పెద్ద మాట కుదించుకుపోయిన రూపం; అంటే రెండు ఇరవైలు పూర్తయి, మూడో ఇరవైలో సగం వరకు వచ్చామని అర్థం. అరవై అంటే మూడు ఇరవైలు, డెబ్భై అంటే మూడున్నర ఇరవైలు, ఎనభై అంటే నాలుగు, తొంభై అంటే నాలుగున్నర. మనం రెండున్నర అన్నప్పుడు పూర్తయిన రెండింటిని ముందు చెప్పి, ఆపైన సగాన్ని కలుపుతాం. డేనిష్ వారు మాత్రం, నడుస్తున్న మూడోదాన్ని పేర్కొని, అందులో సగమే అయిందంటారు. గడియారం విషయంలోనూ అంతే, "సగం మూడు" అంటే రెండున్నర గంటలు. సంస్కృతంలో రెండున్నరను అర్ధతృతీయమని అంటారని గుర్తొచ్చిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు, ఎందుకంటే హిందీలోని ఢాయీ కూడా అందులోంచే వచ్చింది. అంత దూరపు భాషలో మన ఇంటి లెక్కే కనబడింది.

ఇంకా మిగిలిన చిక్కు వరుసది. డెబ్భై ఐదును వారు పంచసప్తతి అన్నట్టుగా ఐదుతో మొదలుపెట్టి చెబుతారు. అక్కడి ఫోన్ నంబర్లలో ఎనిమిది అంకెలుంటాయి, వాటిని రెండేసి చొప్పున చదువుతారు. మొన్న మనవడు తన బడి నంబరు చెబుతుంటే, ఐదు వినగానే ఐదు వేసి, తరువాత ఏడు వేసి, 75ను 57గా రాసుకున్నాను. "అమ్మమ్మా, మొత్తం విన్నాక రాయి" అన్నాడు వాడు.

అప్పటినుంచి సాయంత్రాలు బందరు రోడ్డులో నడుస్తూ, బస్సుల నంబర్లలోని చివరి నాలుగు అంకెలను రెండు జంటలుగా విడదీసి చదువుతున్నాను. నోట్‌బుక్కులో మాత్రం ప్రతి జంటకూ రెండు గళ్లు గీసుకుని, మొదట విన్న అంకెను కుడి గడిలో వేసి, ఎడమ గడిని కాసేపు ఖాళీగా ఉంచుతున్నాను.