కాగితం మడమ కింద నిలిచిందా? ఆరు నెలల జూడో లెక్క

టోక్యోలో మా వార్డు వ్యాయామశాలలో వారానికి రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున జూడోకి వెళ్తున్నా. వయసు 41, బరువు 82 కిలోలు, ఇంకా తెల్ల బెల్టే. ఆరు నెలలు నిండాయి కాబట్టి ఎక్కడున్నానో రాసిపెట్టుకుంటున్నా.

మొదటి ఆరు వారాలూ పడటమే నేర్పారు. దాన్ని ఉకెమి అంటారు. వెనక్కి, పక్కకి, ముందుకి, ఆ తర్వాత భుజం మీదుగా పిల్లిమొగ్గ. ‘డబ్బులు కట్టి మరీ కింద పడుతున్నారా’ అంది మా ఆవిడ. వెనక్కి పడేటప్పుడు చూపు బెల్టు ముడి మీదే ఉంచాలి. అప్పుడు గడ్డం దానంతటదే ఛాతీకి ఆనుకుంటుంది, తల నేలకి కొట్టుకోదు. చెయ్యి ఒంటికి 30, 40 డిగ్రీల ఎడంలో ఉంచి చాపని ఒక్క దెబ్బ కొట్టాలి. నేను భుజం ఎత్తున బార్లా చాపి కొట్టాను. మూడు రోజులు జబ్బ లేవలేదు. పిల్లిమొగ్గ కుడివైపు కుదిరింది గానీ ఎడమవైపు ఇప్పటికీ తుంటి ఎముక టప్పుమని తగులుతుంది.

తర్వాత ఓసోతో-గారి. ఎదుటివాడి కుడికాలిని వెనకనుంచి నా కుడికాలితో ఊడ్చి వెల్లకిలా పడేయాలి. జూడో పుట్టిన బడి కోదోకాన్ 1920లో సవరించిన గోక్యోలో, అంటే ఐదు గుంపుల త్రోల పట్టికలో, 40 త్రోలుంటే, ఇది మొదటి గుంపులోనే ఉంది. చూస్తే చిన్నపిల్లలు కూడా చేసేస్తున్నారు. ఉచికోమి అంటే పడేసే క్షణం దాకా వెళ్లి ఆగి వెనక్కి రావడం. పదేసి చొప్పున పది సెట్లు. రెండు నెలల్లో 1,600 అని నోటుబుక్కులో ఉంది. రాండోరిలో, అంటే నిజంగా తలపడే సాధనలో మాత్రం ఒక్కడూ పడలేదు, నేనే పడ్డాను. నేను కాలు విసరగానే ఎదుటివాడు ఆ కాలినే తిరిగి ఊడ్చేసేవాడు. దానికి ఓసోతో-గాయెషి అని పేరు కూడా ఉంది.

డెబ్బై దాటిన మా సెన్సే (గురువుగారు) ఒకరోజు నా జోడీ కుడి మడమ కింద కాగితం ముక్క పెట్టి ‘ఇప్పుడు లాగండి’ అన్నారు. లాగాను. ఆయన వంగి రెండు వేళ్లతో కాగితం తీసేసుకున్నారు. అతని బరువు మడమ మీదికి రానేలేదన్నమాట. కుజుషి, త్సుకురి, కాకే: తూలించడం, చొరబడటం, పడేయడం. నేను మొదటిది వదిలేసి మిగతాదే 1,600 సార్లు చేశాను.

ఇప్పుడు సెట్టుకి ఐదే, అదీ నెమ్మదిగా. ఎడమచేత్తో అతని కుడి చొక్కాచేతిని నా నడుం వైపు కిందికి లాగుతా. కుడిచేత్తో కాలర్‌ని అతని భుజం వెనక్కి నెడతా. ఎడమ అడుగు అతని పాదం పక్కన, వీలైతే బెత్తెడు అవతల పడాలి. నాది ఎప్పుడూ అరడుగు ఇవతలే ఆగిపోయేది, అందుకే వెనక్కి వాలేవాణ్ణి. ఛాతీ ఛాతీకి తగిలాకే కాలు లేపాలి.

బాల్కనీ కమ్మీకి పాత సైకిల్ ట్యూబు కట్టి కూడా లాగుతున్నా. ఎదుటివాణ్ణి వీపు మీదుగా పడేసే సెయోయి-నాగేకి అది బాగా పనికొస్తుంది. ఓసోతో-గారికి నా మటుకు దండగ, ముందుకి దూసుకెళ్లాల్సిన చోట వెనక్కి గుంజుతుంది.

ఇంకో తలనొప్పి కబడ్డీ. ఊళ్లో ఆడిన చేతులు కదా, ఇరుకున పడితే తిన్నగా ఎదుటివాడి కాలికి పోతాయి. అంతర్జాతీయ పోటీల్లో చేత్తో కాళ్లు పట్టడాన్ని 2010లో కట్టడి చేశారు, 2013లో పూర్తిగా ఆపేశారు. నా చెయ్యి కిందికి వెళ్లినప్పుడల్లా సెన్సే దగ్గుతారు.

మొన్న శుక్రవారం పదిసార్లు చేస్తే నాలుగుసార్లు కాగితం మడమ కిందే నిలిచింది. రాండోరిలో ఒకడు పడ్డాడు కూడా, కాకపోతే వాడి బరువు 60 కిలోలు. ఎడమ బొటనవేలు వాచింది, టేపు చుట్టాలి. మంగళవారానికి కరెంటు బిల్లు నాలుగు ముక్కలు చేసి సంచిలో పెట్టుకున్నా.